అక్క శిష్యుడు

విశ్వవిద్యాలయ గ్రంథాలయం పక్కన, సైకిళ్లు పెట్టుకునే రేకుల షెడ్డు దాటగానే ఒక చిన్న గది ఉండేది. ఒకప్పుడు అందులో జిరాక్సు మిషను నడిచేది. మిషను పోయి చాలాకాలమైనా గోడ మీద నల్లపొడి మరక అలాగే ఉండిపోయింది. రెండుసార్లు సున్నం వేయించినా పైకి తేలింది. ఆ మరకకి వీపు ఆనించి, తలుపు ఎదురుగా కనపడేలా పిన్ని కూర్చునేది.

పిన్ని అన్నది ఆవిడ పేరు కాదు. మొదట్లో ఒక అమ్మాయి వెక్కివెక్కి ఏడుస్తూ "మేడమ్" అనబోయి "పిన్నీ" అంది. ఆ అమ్మాయి చదువు ముగించుకుని ఎటో వెళ్లిపోయింది కానీ పిలుపు మాత్రం గదిలో స్థిరపడిపోయింది. ఆఖరికి తోటపని చేసేవాళ్లు కూడా పిన్నిగారనే అనేవారు.

గది పద్ధతి చాలా తేలిక. తలుపు తీసి ఉంటే ఎవరైనా రావచ్చు. ముందుగా చెప్పి రావక్కర్లేదు, పేరు చెప్పక్కర్లేదు, పిన్ని ఏదీ రాసుకోదు. ఆరోగ్య కేంద్రంలో డాక్టరుగారి దగ్గరికి వెళ్లాలంటే చీటీ తీసుకుని బల్ల మీద కూర్చోవాలి. ఆ బల్ల మీద కూర్చున్నవాణ్ణి చూసి సాయంత్రానికి హాస్టలంతా ఏదో ఒకటి అనుకుంటుంది. అందుకని డాక్టరుగారే అధికారుల వెంటపడి ఈ గది సంపాదించారు. జబ్బు అనుకునేంత పెద్దది కాకపోయినా, ఒంటరిగా మోయలేనిది ఏదైనా ఉంటే పిల్లలు ఇక్కడ దించుకుంటారని ఆయన ఆశ. వచ్చినవాళ్లందరికీ పిన్ని ఒక్క మాట ఇచ్చేది. ఇక్కడి మాట గుమ్మం దాటదు, ప్రాణం మీదికి వస్తే తప్ప.

ఒక మధ్యాహ్నం పొడుగ్గా, కాస్త వంగినట్టున్న కుర్రవాడు గుమ్మంలో నిలబడి, ఇక్కడ జిరాక్సు తీస్తారా అని అడిగాడు. చేతిలో కాగితం ముక్క కూడా లేదు. ఇలా అడిగేవాళ్లు పిన్నికి కొత్త కాదు. తీయం కానీ లోపలికి వచ్చి కాసేపు కూర్చోమంది. వాడు కూర్చున్నాడు. కూర్చుని చాలాసేపు తన మోకాళ్లు చూసుకున్నాడు.

పరిశోధక విద్యార్థి. మొక్కల వేళ్ల మీద పని. మాట నెమ్మది, ఒక్కో మాటా తూకం వేసి కింద పెడుతున్నట్టు పెట్టేవాడు. తన కష్టం ఏమిటంటే లాబ్ తలుపు తెరవలేకపోతున్నాడు. రోజూ తయారై వెళ్తాడు, గొళ్లెం మీద చెయ్యి వేస్తాడు, అరచెయ్యి చెమటతో తడిసిపోతుంది, వెనక్కి తిరిగి వచ్చేస్తాడు. ఎవరైనా ఎదురొస్తే ఫోను వచ్చినట్టు నటిస్తాడు.

తలుపు అవతల ఏముంటుందని పిన్ని అడిగింది.

"మా గైడ్ ఉంటారండీ. ఆవిడ అరవరు. అరిస్తే బాగుండేది."

నెలకోసారి అందరూ బల్ల చుట్టూ కూర్చోవాలట. ఆవిడ ఇతను రాసిన అధ్యాయం చేతిలోకి తీసుకుని పైకి చదువుతుంది. గొంతు పెరగదు, తగ్గదు. ఒక వాక్యం చదివి, ఆగి, ఇతని ముఖం చూస్తుంది. ఏమీ అడగదు, ఊరికే చూస్తుంది. ఈలోగా బల్ల చివర ఎవరో కిసుక్కున నవ్వుతారు. అప్పుడు తర్వాతి వాక్యం.

వింటూంటే పిన్ని వీపు తనంతట తానే నిటారుగా అయింది. చిన్నప్పుడు బడిలో పేరు పిలిచినప్పుడు అయినట్టు. ఎందుకో ఆ క్షణంలో తనకే అర్థం కాలేదు.

"నాకో పేరు కూడా పెట్టారండీ, నత్త అని. ముందు లాబ్‌లో అనేవాళ్లు. ఇప్పుడు హాస్టల్లో కూడా అంటున్నారు. మొన్న మెస్‌లో వడ్డించేవాడు కూడా అన్నాడు."

ఆ పేరు పిన్నికి తెలుసు. నెలల తరబడి అన్నం తింటూ ఆ పేరు విన్నది. విని నవ్వింది కూడా.

ఆ గైడ్ పిన్నికి తోడబుట్టిన అక్క.

వాళ్లిద్దరూ అక్కచెల్లెళ్లని విశ్వవిద్యాలయంలో డాక్టరుగారికి తప్ప ఎవరికీ తెలియదు. పోలికలు లేవు. అక్క సన్నగా, నిలువుగా ఉంటుంది, పిన్ని గుండ్రంగా ఉంటుంది. అక్క బావగారి కారులో వస్తుంది, పిన్ని బస్సులో వస్తుంది. ఉద్యోగం వచ్చిన రోజునే అక్క, తన చెల్లెలినని ఎక్కడా చెప్పవద్దంది. సిఫార్సు చేయించుకుందంటారు, ఆ మాట పడటం ఇద్దరికీ మంచిది కాదు అంది. అక్క చెప్పింది చేయడం పిన్నికి చిన్ననాటి నుంచీ అలవాటు.

తల్లి పోయేనాటికి పిన్ని ఒళ్లో పిల్ల, అక్క కాలేజీ పిల్ల. అమ్మ చేయాల్సినవన్నీ అక్క చేసింది. స్నానం చేయించడం, జడ వేయడం, జ్వరం వస్తే పక్కన కూర్చోవడం, చదువు చెప్పడం. పిన్ని పెళ్లి మూడునాళ్ల ముచ్చటగా ముగిసి పెట్టె పట్టుకుని తిరిగి వచ్చినప్పుడు అక్క ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. బావగారితో చెప్పి కింది వాటా ఖాళీ చేయించి, మంచం మీద దుప్పటి తనే పరిచి వెళ్లింది. మనస్తత్వశాస్త్రం చదువుకోమని తోసింది, ఆసుపత్రిలో పని నేర్చుకోమని పంపింది. అలాంటి అక్క మీద మాట అనాలంటే నాలుక చీలిపోదా?

కానీ ఆ చదివే పద్ధతి పిన్నికి తెలుసు. చిన్నప్పుడు రాసిన వ్యాసాలు అక్క అలాగే చదివేది. ఒక వాక్యం, ఒక చూపు.

ఆ మధ్యాహ్నమే చెప్పేసి ఉండాల్సింది. నాయనా, ఆగు, నువ్వు చెబుతున్న మనిషి నాకు అక్క అవుతుంది అని. కానీ వాడు అప్పటికే కళ్లు తుడుచుకుంటున్నాడు. ఏడుస్తున్నవాడి మీద ఈ బండ ఎలా వేయడం, ఈసారి వచ్చినప్పుడు చెబుదాం అనుకుంది. వాడు వెళ్తూ వెళ్తూ, ఈ మాత్రం కూడా ఎవరితోనూ చెప్పుకోలేదండీ అని దణ్ణం పెట్టాడు. ఆ దణ్ణం పిన్నికి కారం పూసినట్టు తగిలింది.

ఆ రాత్రి భోజనం మామూలుగానే పైవాటాలో. వంట బావగారిది. పదవీ విరమణ చేశాక ఆయన వంటింటిని స్వాధీనం చేసుకుని, ఆడవాళ్లిద్దర్నీ గడప తొక్కనివ్వలేదు. అక్క కళ్లజోడు నుదుటి మీదికి నెట్టుకుని కూర్చుంది.

"మా నత్త ఇవాళ కూడా రాలేదు. చిప్పలోకి ముడుచుకున్నట్టుంది."

"నత్త అని పేరు పెట్టి పరుగెత్తమంటే అదెలా పరుగెడుతుందే?" అన్నారు బావగారు కూర వడ్డిస్తూ.

పరుగెత్తమనడం లేదు, నడవమంటున్నానంది అక్క. తర్వాత, ఎవరితోనో కాక కంచంతో చెబుతున్నట్టు, ఆ కుర్రవాడి చూపు లాంటి చూపు తన దగ్గర చదివిన వాళ్లెవరికీ లేదని, సూక్ష్మదర్శినిలో తనకే కనపడనివి వాడికి కనపడతాయని, రాయమంటే మాత్రం చేతులు పడిపోతాయని అంది.

పిన్ని కలిపిన ముద్ద కంచంలోనే పెట్టేసింది. ఆ మాట వాడి చెవిన పడితే సగం ప్రాణం లేచివస్తుంది. చెప్పడానికి లేదు. వాడు అనుభవిస్తున్నది అక్క చెవిన పడాలి. అదీ చెప్పడానికి లేదు. కక్కలేక మింగలేక నీళ్లు తాగింది. కూరలో ఉప్పు ఎక్కువైందా అని బావగారు కంగారుపడ్డారు. పిన్ని కాస్త తలనొప్పిగా ఉందని అబద్ధం చెప్పి కిందికి దిగివచ్చింది.

మర్నాడు గది తెరవడానికి ముందే డాక్టరుగారి దగ్గరికి వెళ్లింది. ఆయన పెద్దవాడు, మాటకీ మాటకీ మధ్య గొంతు సవరించుకునే అలవాటు. పేర్లు చెప్పకుండా పిన్ని సంగతంతా చెప్పింది. ఆయనకి పేర్లు అక్కర్లేకపోయింది.

"మొదటిరోజే చెప్పాల్సిందమ్మా. సరే, అయిపోయింది. ఈసారి వాడు కుర్చీలో కూర్చోకముందే చెప్పండి. ఇంటి మాట గదిలోకి రాకూడదు, గది మాట ఇంటికి పోకూడదు. రెండు వైపులా గడియ వేసుకోవాలి మీరు."

వేసుకుంటానంది. వేసుకోవడం అంత సులువు కాదని ఆ పక్షం రోజుల్లో తెలిసింది. వాడు రాలేదు. పైవాటాలో రోజూ నత్త ప్రసక్తి వచ్చేది. తలుపు దగ్గర నీడ పడితే చాలు పిన్ని తల ఎత్తేది. వాడు కాకపోతే ఒక రకం భయం, వాడేమోనంటే ఇంకో రకం భయం. అడకత్తెరలో పోకచెక్క అంటే ఏమిటో ఆవిడకి అప్పుడు బాగా అర్థమైంది.

చివరికి ఒక ఉదయం వాడు వచ్చాడు. గడ్డం పెరిగి ఉంది. చొక్కా గుండీలు ఒకదాని బదులు ఒకటి పెట్టుకున్నాడు. పిన్ని లేచి నిలబడింది, ముందే చెప్పేయాలని నోరు తెరిచింది కూడా. వాడు కూర్చోలేదు. గోడ వైపు చూస్తూ, ఆవిడకంటే ముందే మాట్లాడాడు.

"రాత్రి పడుకునేటప్పుడు, పొద్దున్న లేవకపోతే బాగుండు అనిపిస్తోందండీ."

పిన్ని నోటిదాకా వచ్చిన మాట అక్కడే ఆగిపోయింది. ఆసుపత్రిలో నేర్చుకున్నది ఒకటుంది. ఇలాంటి మాట విన్నప్పుడు డొంకతిరుగుడు పనికిరాదు, సూటిగా అడగాలి.

"చచ్చిపోవాలనిపిస్తోందా నాన్నా?"

ఒక్కోసారి అనిపిస్తుందన్నాడు. ఏమీ చేసుకోలేదు, చేసుకోవాలని నిర్ణయించుకోనూ లేదు. కానీ ఆ ఆలోచన వచ్చినప్పుడు మొదట్లో భయం వేసేది, ఈమధ్య భయం వేయడం లేదు. అదే భయంగా ఉందన్నాడు.

పిన్ని వాణ్ణి కూర్చోబెట్టింది. నీళ్లు ఇచ్చింది. ఇది తను ఒక్కతే మోయాల్సింది కాదని, ఇద్దరూ కలిసి ఇప్పుడే డాక్టరుగారి దగ్గరికి వెళ్దామని చెప్పింది. వాడు తల ఊపాడు. ఊపి, తేలికపడ్డవాడిలా నిట్టూర్చి, మిమ్మల్ని నమ్మాను కాబట్టి వస్తానన్నాడు.

ముందు నుయ్యి, వెనుక గొయ్యి. ఇప్పుడు చెబితే వాడు విరిగిపోతాడేమో. చెప్పకుండా తీసుకెళ్తే, రేపు తెలిసిన రోజున వాడికి నమ్మడానికి మనిషంటూ మిగలదు. పిన్ని రెండోదానికే ఎక్కువ భయపడింది.

"వెళ్లేముందు నీకొకటి చెప్పాలి. మొదటిరోజే చెప్పాల్సింది, చెప్పలేదు. తప్పు నాది. మీ గైడ్ మా అక్క. సొంత అక్క. నీ మాట ఒక్కటి కూడా ఇంట్లో చెప్పలేదు. నన్ను నమ్మకపోయినా ఫర్వాలేదు, డాక్టరుగారు ఆవిడకి ఏమీ కారు, ఆయన దగ్గరికి మాత్రం..."

లోపల తను అన్న మాటలన్నీ ఒక్కొక్కటే వెనక్కి తీసి చూసుకుంటున్నట్టు వాడి కళ్లు అటూఇటూ కదిలాయి.

"మీరు ఆవిడ చెల్లెలా?"

అంతే. గ్లాసు బల్ల మీద జాగ్రత్తగా పెట్టి, లేచి వెళ్లిపోయాడు. పిన్ని వెనకాలే పరుగెత్తింది. చెప్పు తెగింది. రేకుల షెడ్డు దాటేసరికి క్లాసులు వదిలారు, వరద పొంగినట్టు పిల్లలు దారంతా నిండిపోయారు. ఆ గుంపులో వాడు కలిసిపోయాడు.

డాక్టరుగారికి ఫోను చేసింది. ఆయన పట్టణం అవతలి ఆసుపత్రిలో ఉన్నారు. బయలుదేరి వస్తాను, ఈలోగా వాణ్ణి వెతకండి, ఇప్పుడు గది మాట గుమ్మం దాటవచ్చు, కానీ అవసరమైనంతే దాటాలి అన్నారు.

వెతకాలంటే పేరు కావాలి. పిన్నికి వాడి పేరు తెలియదు. హాస్టల్లో తన గది మెస్ వంటింటి మీద ఉందని, గిన్నెలు కడిగే చప్పుడుకే మెలకువ వస్తుందని మొదటిరోజు వాడు అన్నాడు. తెగిన చెప్పు ఈడ్చుకుంటూ అక్కడికే వెళ్లింది. వాచ్‌మన్ పేరడిగాడు. మొక్కల మీద పరిశోధన చేస్తాడు, పొడుగ్గా ఉంటాడు, నెమ్మదిగా మాట్లాడతాడు అని చెప్పింది. పొడుగువాళ్లు చాలామంది ఉన్నారమ్మా అన్నాడు వాచ్‌మన్. చెప్పకూడదనుకున్న మాట నాలుక చివర ఉంది. కాసేపు బిగబట్టింది కానీ, ఆలస్యం చేయడానికి లేదు. చివరికి తల వంచుకుని అంది.

"నత్త అంటారట."

"ఓ, నత్తా! ముందే చెప్పొచ్చు కదమ్మా" అని వాచ్‌మన్ నవ్వి మెట్ల వైపు చూపించాడు.

ఆ నవ్వు వింటూ మెట్లెక్కింది. గదికి తాళం ఉంది. పక్క గది విద్యార్థి, పొద్దున్న వెళ్లినవాడు మళ్లీ రాలేదన్నాడు. ఫోను నంబరు తన దగ్గర లేదట. వాడు ఎవరితోనూ కలవడండీ అన్నాడు, తన తప్పేం లేనట్టు.

నంబరు ఎవరి దగ్గర ఉంటుందో పిన్నికి తెలుసు. హాస్టల్లో ఇంకెవరినైనా అడగవచ్చు, ఆఫీసుకి వెళ్లి పాత రికార్డులు తీయించవచ్చు, కానీ అందుకు మధ్యాహ్నం దాటిపోతుంది. వృక్షశాస్త్ర విభాగం రోడ్డుకి అవతలే.

ఇన్నేళ్లలో పిన్ని ఆ లాబ్‌లోకి అడుగుపెట్టడం అదే మొదటిసారి. వరసగా ట్రేలలో మొలకలు, వాటి మీద తెల్లటి దీపాలు, నలుగురైదుగురు విద్యార్థులు. అక్క కిటికీ దగ్గర నిలబడి గాజుపలక మీద రంగు చుక్క వేస్తోంది. చెల్లెల్ని చూసి కనుబొమలు ముడిచింది. ఇక్కడికెందుకు వచ్చావన్న ప్రశ్న అందులోనే ఉంది.

"నీ విద్యార్థి ఫోను నంబరు కావాలి అక్కా."

అక్కా అన్న మాట వినగానే లాబ్ అంతా పని ఆపింది. అక్క గాజుపలక కింద పెట్టింది.

"ఏ విద్యార్థిది?"

"నువ్వు నత్త అనేవాడిది. ఎందుకని అడక్కు."

అక్క తెలివైనది. అరక్షణంలో ఆవిడకి అన్నీ ఒకదానికొకటి అతుక్కున్నాయి. జిరాక్సు గది, పదిహేను రోజులుగా చెల్లెలికి సహించని అన్నం, రాని విద్యార్థి. ఆవిడ ముఖం మారలేదు కానీ రంగు చుక్క వేసిన వేళ్లు ఒకదాన్నొకటి పట్టుకున్నాయి.

"నా గురించి చెప్పాడా?" అని గొంతు తగ్గించి అడిగింది.

"అది నేను చెప్పను."

"ఎక్కడున్నాడు?"

"తెలీదు. అందుకే వచ్చాను."

అక్క తన ఫోను తీసింది. నంబరు వెతికి, చెప్పకుండా, తనే చేస్తానని మీట మీద వేలు పెట్టబోయింది. పిన్ని ఆ మణికట్టు పట్టుకుంది. గట్టిగా పట్టుకుంది. తనకి అక్షరాలు దిద్దించిన చెయ్యి అది.

"నువ్వు చేయకు. నీ పేరు కనపడకూడదు వాడికి."

అక్క చెల్లెలి చేతి వంక చూసింది, తర్వాత ముఖం వంక చూసింది. మెల్లగా ఫోను తిప్పి అంకెలు చూపించింది.

వరండాలో నిలబడి పిన్ని ఫోను చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేసింది. మూడోసారి చేయకుండా సందేశం పంపింది. జిరాక్సు గదిలో మనిషిని. కోపంగా ఉండు, ఫర్వాలేదు. ఎక్కడున్నావో అది మాత్రం చెప్పు. పంపి, గోడకి ఆనుకుని, ఫోను వైపే చూస్తూ నిలబడింది. ఎప్పుడూ దేవుణ్ణి ఏమీ అడగని మనిషి, ఆ వరండాలో ఎవరెవరినో వరసపెట్టి అడిగేసింది.

జవాబు వచ్చేసరికి ఎండ వరండా సగానికి పాకింది. రెండే మాటలు. బస్టాపులో ఉన్నాను.

పెద్ద గేటుకి ఎదురుగా ఉన్న బస్టాపు అది. వాడు సిమెంటు బల్ల మీద కూర్చుని వచ్చిన బస్సునల్లా వదిలేస్తున్నాడు. ఎక్కడికి వెళ్లాలో తెలిస్తే కదా ఎక్కడానికి. పిన్ని బల్ల ఆ చివర కూర్చుంది. ఇద్దరి మధ్యా ఒక ముసలాయన కూరగాయల సంచితో కూర్చుని ఉన్నాడు. ఆయన బస్సు వచ్చి ఆయన వెళ్లాక వాడు అడిగాడు.

"నా నంబరు ఎవరిచ్చారు?"

"మా అక్క."

"అంటే ఆవిడకి తెలిసిపోయింది."

"నా దగ్గరికి వస్తున్నావని తెలిసింది. ఏం చెప్పావో తెలీదు, నేను చెప్పలేదు. కానీ ఆ కాస్త తెలియడం కూడా నా వల్లే. నువ్వు దొరక్కపోతే ఏమవుతుందోనని భయమేసింది. నీకిచ్చిన మాట నిలబెట్టుకోవడం కంటే నువ్వు ఉండటం ముఖ్యమనిపించింది."

వాడు చాలా కోపంగా ఉన్నాడు. ఆ కోపం చూసి పిన్నికి కాస్త ఊపిరి వచ్చింది. కోపం ఉన్నవాడు ఇంకా పోరాడుతున్నట్టే. మీరందరూ ఒక్కటే అన్నాడు. ఒకావిడ పగలగొడుతుంది, ఇంకొకావిడ ముక్కలు ఏరుతుంది, ఇంటికి వెళ్లి ఇద్దరూ కలిసి అన్నం తింటారు అన్నాడు. పిన్ని కాదనలేదు. కాదనడానికి అందులో అబద్ధం ఎక్కడుంది?

కాసేపటికి వాడే, రోడ్డు వైపు చూస్తూ అడిగాడు.

"ఇంట్లో నా గురించి ఏమంటారు ఆవిడ?"

చూపు గురించి అక్క అన్న మాట పిన్ని నోట్లో సిద్ధంగా ఉంది. ఇప్పుడు ఇస్తే మందులా పనిచేస్తుంది. కానీ ఇస్తే, ఇంట్లో మాట మోసుకొచ్చే మనిషి రేపు తన మాట కూడా మోసుకెళ్తుందని వాడికి తెలిసిపోతుంది. ఆ మాటని కష్టం మీద మింగేసింది.

"అది ఆవిడనే అడగాలి. నేను చెప్పకూడదు."

వాడు మొదటిసారి తల తిప్పి ఆవిడని చూశాడు. ఏమనుకున్నాడో తెలియదు. డాక్టరుగారు వచ్చారా అని అడిగాడు. దారిలో ఉన్నారంది. వస్తాను కానీ మీరు లోపలికి రాకూడదన్నాడు. పిన్ని సరేనంది. ఇద్దరూ కలిసి రోడ్డు దాటారు. ఆరోగ్య కేంద్రం గుమ్మం దాకా నడిచి, అక్కడ పిన్ని ఆగిపోయింది. లోపల తలుపు మూసుకుంది. ఆవిడ చెప్పులు లేకుండా నడుస్తున్నానని అప్పుడు గమనించింది.

ఆ సాయంత్రం పైవాటా నుంచి పిలుపు రాలేదు. బావగారు కంచం పట్టుకుని కిందికి వచ్చారు, ఏమీ అడగకుండా బల్ల మీద పెట్టి వెళ్లారు. కాసేపటికి అక్కే దిగి వచ్చింది. కూర్చోలేదు.

అందరి ముందూ చెయ్యి పట్టుకున్నావంది. పరువు తీశావంది. ఇన్నేళ్లలో ఎంతమందిని తయారుచేశాను, ఒక్కడు తట్టుకోలేకపోతే నేను హంతకురాలినా అంది. పిన్ని కుర్రవాడి సంగతి ఒక్క ముక్క మాట్లాడలేదు. వింటూ కూర్చుంది. చివరికి అక్క అంది.

"నిన్ను ఎలా పెంచానో వాడికీ అలాగే నేర్పాను. నువ్వు చెడిపోయావా?"

"చెడిపోలేదు. కానీ ఇప్పటికీ నువ్వు గదిలో ఉంటే నేను ఒక్క వాక్యం రాయలేను అక్కా. చెయ్యి కదలదు. నువ్వు చదువుతావేమోనని."

అక్క చెల్లెలి ముఖంలో కోపం వెతికింది, అది దొరకలేదు. మెట్ల కమ్మీ మీద చెయ్యి పెట్టుకుని, ఎప్పుడూ లేనంత నెమ్మదిగా పైకి వెళ్లిపోయింది.

ఆ తర్వాత చాలాకాలం ఇద్దరి మధ్యా మాటలు లేవు. బావగారు మెట్లెక్కుతూ దిగుతూ, మీ ఇద్దరి మధ్యా నా మోకాళ్లు అరిగిపోతున్నాయి, రాజీ పడండి లేదా లిఫ్టు పెట్టించండి అనేవారు. కుర్రవాడు ఒక టర్ము సెలవు పెట్టాడు. డాక్టరుగారి దగ్గరికి క్రమంగా వెళ్తున్నాడని మాత్రం ఆయన చెప్పారు, అంతకుమించి చెప్పలేదు, పిన్ని అడగలేదు. తిరిగి వచ్చాక గైడ్‌ను మార్చుకున్నాడు.

మార్పు సంతకం కోసం వాడు అక్క గదికి వెళ్లిన రోజున ఏం జరిగిందో బావగారు చెప్పారు. అక్క మాట్లాడకుండా సంతకం పెట్టిందట. వాడు గుమ్మం దాకా వెళ్లాక పేరు పెట్టి, అసలు పేరు పెట్టి పిలిచిందట. నీ చూపు లాంటి చూపు నా దగ్గరికి మళ్లీ రాదు అందట. వాడు వెనక్కి తిరిగి, ఆ మాట ముందే చెప్పాల్సిందండీ అని వెళ్లిపోయాడట. ఇది చెబుతూ అక్క ఆ రాత్రి సగం అన్నం వదిలేసిందని, తను చేసిన వంట వదిలేయడం అదే మొదటిసారని బావగారు అన్నారు.

అక్క క్షమాపణ అడగలేదు. అది ఆవిడకి చేతకాదు. కానీ ఒక ఆదివారం, పైన కూరలో ఉప్పు చూసేవాళ్లు కావాలని మెట్ల మీద నుంచి తనే పిలిచింది. పిన్ని వెళ్లింది. కాగితాలు పైకి చదవడం మానేసిందని లాబ్ పిల్లల ద్వారా గాలివాటుగా తెలిసింది. ఎంతవరకు నిజమో పిన్ని ఆరా తీయలేదు.

తన పొరపాటు సంగతి పిన్నే వెళ్లి అధికారులకు చెప్పింది. గది మూసేద్దామన్నవాళ్లు ఉన్నారు. డాక్టరుగారు గొంతు సవరించుకుంటూ గట్టిగా నిలబడ్డారు. చివరికి వారంలో సగం రోజులు కూర్చోవడానికి బయటినుంచి ఒక యువకుణ్ణి తెచ్చారు, ఎవరి దగ్గరికి వెళ్లాలో పిల్లలే ఎంచుకునేలా. అతను గిటారు తెచ్చి గోడకి ఆనించాడు. పిన్ని ఏమీ అనలేదు కానీ ఆ మూల ఊడ్చేటప్పుడు దాన్ని కాస్త విసుగ్గానే జరిపేది.

ఇప్పుడు ఎవరొచ్చినా పిన్ని ముందు ఒక మాట చెబుతుంది. వృక్షశాస్త్రంలో ఫలానా ఆచార్యురాలు మా అక్క, తెలిసి కూర్చో, వద్దనుకుంటే రేపు వచ్చే అబ్బాయి దగ్గరికి వెళ్లు, నేనేం అనుకోను అని. కొందరు అక్కడి నుంచే తిరిగి వెళ్లిపోతారు. వాళ్లు వెళ్లిన వైపు ఆవిడ కాసేపు చూస్తుంది. మొన్న ఒక అమ్మాయి మాత్రం అంతా విని, ముక్కు చీదుకుని అడిగింది.

"నేను లెక్కల విభాగం అండీ. అక్కడ మీకు చుట్టాలెవరైనా ఉన్నారా?"

లేరంది పిన్ని. అయితే కూర్చుంటానని ఆ అమ్మాయి సంచి కింద పెట్టి, కుర్చీ దగ్గరికి లాక్కుంది.